బానెట్ సంగతి అలా ఉంచండి, ఆ తలుపును మాత్రం ముట్టుకోకండి

ప్రశ్న: మాది ఖమ్మం. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బుతో నల్ల రంగు కారు కొన్నాం. ఆయన ఇప్పుడు లేరు, ఆ కారే మాకు మిగిలిన గుర్తు. 2023 నవంబరు 10న, దీపావళికి రెండు రోజుల ముందు, విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్‌కు ఇచ్చాను. వాషింగ్, బాడీ పాలిష్‌తో కలిపి 9,400 రూపాయల బిల్లు కట్టాను. రాత్రి ఏడున్నరకు, ఇంకా నీళ్లు కారుతుండగానే బండి ఇచ్చారు. సంతకం పెట్టి తెచ్చుకున్నాను. మర్నాడు ఎండలో చూస్తే బానెట్ నిండా, డ్రైవరు వైపు తలుపు మీద సాలెగూడులాగా సన్నని గీతలు. నీళ్లు పోస్తే కనపడవు, ఆరితే మళ్లీ తేలతాయి. మేనేజర్ ‘తీసుకురండి సార్, చేసిస్తాం’ అంటూ ఏడాదిన్నర తిప్పాడు. విసుగొచ్చి ఈ వేసవిలో వీడియోలు చూసి నేనే బానెట్‌ను టూత్‌పేస్టుతో, తర్వాత రబ్బింగ్ కాంపౌండ్‌తో, చివరికి 1500 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దాను. ఇప్పుడు మధ్యలో తెల్లగా మచ్చ పడింది. తలుపు జోలికి వెళ్లలేదు. కారు మొత్తం పెయింటింగ్‌కు, మనోవేదనకు కలిపి 3 లక్షలు అడగవచ్చా? కాంపౌండ్ కంపెనీ మీద కూడా కేసు వేయవచ్చా? మా బావమరిది స్నేహితుడేమో పార్కింగ్‌లో ఎవరో గీసిపోయారని చెప్పి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేయమంటున్నాడు. గీతలు చూసిన రోజే ఫొటోలు తీసి బావమరిదికి వాట్సాప్ చేశాను. ఆ ఫోన్ ఇప్పుడు నా దగ్గర లేదు.

జవాబు: మీ ఉత్తరంలో కేసుకు అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం ఒకటుంది. దాన్ని మీరు అన్నిటికన్నా చివర, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. ‘చూసిన రోజే ఫొటోలు తీసి బావమరిదికి పంపాను’ అన్నది. మిగతాది చాలావరకు మీ బాధ. ఈ ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ మీ నాన్నగారి జ్ఞాపకానికి వెల కట్టదు. అడిగేది ఒకటే: మీ చెయ్యి పడకముందు ఆ బానెట్ ఎలా ఉంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే ముఖ్యమైన సాక్షి ఆ బానెట్టే. దాన్ని మీరే వాటర్ పేపర్‌తో రుద్ది చెరిపేశారు. కోప్పడుతున్నానని అనుకోకండి, కోప్పడాల్సిన పనే చేశారు. కారు రంగు మీద పారదర్శకంగా ఉండే పైపొరను క్లియర్ కోట్ అంటారు. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలచన. సన్నని గీత పోగొట్టడమంటే గీతను పూడ్చడం కాదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీయడం. పాలిష్ తెలిసినవాళ్లు ముందు గోటితో చూస్తారు. గోరు గీతలో తట్టుకోకపోతే అది పైపొరలోనే ఉన్నట్టు. కారు ఆరాక మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో, అన్నిటికన్నా నున్నటి పాలిష్‌తో, కనపడని మూల కొంచెం రుద్ది చూస్తారు. అక్కడ పని చేయకపోతేనే ఇంకో మెట్టు గరుకుది తీస్తారు. మీరు తిరగేసి, పేస్టుతో మొదలుపెట్టి వాటర్ పేపర్ దగ్గర తేలారు.

ఇప్పుడు సర్వీస్ సెంటర్ లాయరు ఏమంటాడో చెబుతాను. సంతృప్తిగా ఉందని సంతకం పెట్టి బండి తీసుకెళ్లాడు, విజయవాడ నుంచి ఖమ్మం దాకా నడిపాడు, ఏడాదిన్నర వాడుకున్నాడు, తనే రుద్ది పాడు చేసుకున్నాడు, ఇప్పుడు మా మీద పడ్డాడు అంటాడు. చాలా కేసులు ఈ మాటల దగ్గరే ఆగిపోతాయి. మీ కేసు ఆగకపోవడానికి కారణం మీరు తెలియకుండా రాసిన ఇంకో రెండు సంగతులు.

ఒకటి, బండి తడిగా ఉండగా, రాత్రిపూట అప్పజెప్పారు. పైపొరలోని సన్నని గీతల్లోకి నీరు చేరితే అవి కంటికి కనపడవు. ‘నీళ్లు పోస్తే కనపడవు, ఆరితే తేలతాయి’ అని మీరే రాశారు. కనపడని లోపానికి పెట్టిన సంతకం లోపాన్ని ఒప్పుకున్నట్టు కాదని గట్టిగా వాదించవచ్చు. దానికి బండి బయటికి వచ్చిన సమయం కావాలి, గేట్ పాస్ మీద ఉంటుంది. ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే బిల్లు మీది సమయం చూడండి. దారిలో పడ్డాయనే వాదనకూ మీ మాటల్లోనే జవాబుంది. రోడ్డు మీది కంకర ఎగిరి తగిలితే చుక్కలు చుక్కలుగా పెచ్చు లేస్తుంది. సాలెగూడు ఆకారం మట్టి అంటిన గుడ్డతోనో, శుభ్రం చేయని పాలిషింగ్ ప్యాడ్‌తోనో రుద్దితే వస్తుంది. బాడీ పాలిష్‌కు వాళ్లే డబ్బు తీసుకున్నారు, బిల్లులో ఆ పద్దు ఉంది.

రెండోది ఇంకా ముఖ్యం. తలుపును మీరు రుద్దలేదు. అంటే అదే రోజు, అదే చేతులు చేసిన పని ఇంకా చెక్కుచెదరకుండా ఒక చోట మిగిలి ఉంది. ఇక మీ కేసంతా ఆ తలుపు మీదే నిలబడుతుంది. వేరే దుకాణంలో రాతపూర్వకంగా పరిశీలన నివేదిక తీసుకునేదాకా దాని మీద గుడ్డ కూడా వేయకండి, పాలిష్ మాట ఎత్తకండి. రంగు మందం కొలిచే చిన్న పరికరం ఉంటుంది. దానితో తలుపు మీద, బానెట్ మీద, మీరు రుద్దని పైకప్పు మీద కొలతలు తీయించి రాయించుకోండి. రెండేళ్ల వాడకంలో కొత్త గీతలు కూడా పడి ఉంటాయి, వాళ్లు ఆ మాట అనకుండా వదలరు. అందుకే ఆనాటి ఫొటో, ఈనాటి తలుపు పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఆనాటి ఫొటో అంటే మళ్లీ మీ ఫోన్ దగ్గరికి రావాలి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో, తీసినప్పుడు ఫోన్ రాసుకున్న తేదీ, సమయం వంటి వివరాలు మిగలవు. అవి గ్యాలరీలోని అసలు ఫైలులో ఉంటాయి. పాత ఫోన్ ఎవరికిచ్చారో వాళ్ల దగ్గరికి వెళ్లి ఆ ఫైలు ఉందేమో చూడండి. లేకపోతే బావమరిది ఫోన్‌లో మెసేజ్ వచ్చిన తేదీ, సమయం కనపడతాయి, అదే మీకు ఆధారం. ఆయన ఆ చాట్‌ను కత్తిరించకుండా మొత్తంగా ఎక్స్‌పోర్ట్ చేసి, అఫిడవిట్ ఇవ్వాలి. భారతీయ సాక్ష్య అధినియమం-2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా జతచేయండి. అందులో ఒక భాగం ఫోన్ వాడేవారు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్‌లో సివిల్ కోర్టంత పట్టింపు ఉండదు గానీ, అవతలివాళ్లకు ఆ సందు మనమెందుకు ఇవ్వాలి?

వీటికి తోడు జాబ్ కార్డు. ఉదయం బండి తీసుకునేటప్పుడు కారు బొమ్మ మీద పాత గీతలకు సున్నాలు చుట్టి మీ సంతకం తీసుకుని ఉంటారు. ఆ బొమ్మలో బానెట్, తలుపు ఖాళీగా ఉంటే సగం పని అయినట్టే. మీరు ఆ కాగితం గురించి ఒక్క ముక్క రాయలేదు. 9,400 కట్టి చేతికిచ్చిన కాగితాన్ని డ్యాష్‌బోర్డులో పడేసి మరచిపోవడం మనవాళ్లకు అలవాటు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. మేనేజర్ ‘చేసిస్తాం’ అన్నప్పుడల్లా ఆ రెండేళ్లు మళ్లీ మొదలవుతాయని మీరు అనుకుంటున్నట్టున్నారు. కావు. మాటలు, ఈమెయిళ్లు, నోటీసులు గడువును పొడిగించవు. మీరు గీతలు చూసింది 11న అయినా నేను 10నే లెక్కపెడతాను. అంటే 2025 నవంబరు 10. ఈ సెప్టెంబరులో మీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి రెండు నెలలు కూడా లేవు. ఆ రోజు సోమవారం, ముందు రెండో శనివారం, ఆదివారం. ఆఖరి రోజు దాకా ఆగితే ఆన్‌లైన్ పోర్టల్ మొరాయించినా దిక్కుండదు. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు, కానీ తగిన కారణం చూపాలి. మన్నించడం కమిషన్ ఇష్టం, మీ హక్కు కాదు. దీపావళికి ముందే దాఖలు చేసేయండి.

ఇన్సూరెన్స్ సలహా ఇచ్చిన ఆ స్నేహితుడికి దూరంగా ఉండండి. జరగని సంఘటనను జరిగినట్టు క్లెయిమ్ ఫారం మీద రాసి సంతకం పెట్టడం మోసం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 దాకా పోయే వ్యవహారం. క్లెయిమ్ కొట్టేస్తారు, క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, దానికి గండం ఉండనే ఉంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఒకే గీతకు మీ సంతకంతో రెండు కథలు పుడతాయి. సర్వీస్ సెంటర్‌లో 2023లో పడిందని కమిషన్‌కు ఒకటి, పార్కింగ్‌లో 2025లో పడిందని ఇన్సూరెన్స్‌కు ఇంకొకటి. అవతలి లాయరు ఆ ఫారం ఒక్కటి తెప్పిస్తే చాలు, మీ నిజం కూడా అబద్ధమైపోతుంది.

కాంపౌండ్ కంపెనీ మీద ఆశ వదులుకోండి. బిల్లు లేదు, డబ్బా మీద రాసినట్టు వాడలేదు, దాని మీద పేపర్ కూడా పట్టారు. వస్తువును తప్పుగా వాడినవారికి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 87 సాయం చేయదు. పోలీసులూ అక్కర్లేదు, కావాలని గీసిన గీతలు కావవి.

3 లక్షలు అడగకండి. మూడు పద్దులు అడగండి: పాలిష్‌కు తీసుకున్న డబ్బు వాపసు, బానెట్ మీదా తలుపు మీదా మొదట పడిన సన్నని గీతలు తీయించడానికి రాతపూర్వక ఎస్టిమేట్ ప్రకారం అయ్యే ఖర్చు, ఏడాదిన్నర తిప్పినందుకు ఓ మాదిరి పరిహారం, ఖర్చులతో కలిపి. తెల్లమచ్చ మీరు తెచ్చుకున్నది, దాన్ని వాళ్ల ఖాతాలో రాయకండి. బానెట్ రుద్దిన సంగతి ఫిర్యాదులో మీరే ముందుగా చెప్పండి. మీరు దాచిన సంగతి వాళ్లు బయటపెడితే దెబ్బ రెండింతలు తగులుతుంది. పరిశీలన నివేదిక చేతికొచ్చాక ఆ మచ్చ తడిపి చూడండి. తడిసినప్పుడు మాయమైతే అది వాటర్ పేపర్ గరుకు మాత్రమే కావచ్చు, తెలిసినవాడు మెషిన్ పాలిష్‌తో తీసేయగలడు. తడిపినా అంచు కట్టి కనిపిస్తే పైపొర పోయినట్టే, బానెట్‌కు మళ్లీ రంగు వేయించాలి.

ఫిర్యాదు విజయవాడలో వేయక్కర్లేదు. మీరుండే చోటే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది కాబట్టి ఖమ్మం జిల్లా కమిషన్ చాలు. సేవకు చెల్లించినది 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. నోటీసు కూడా చట్టరీత్యా తప్పనిసరి కాదు గానీ, 15 రోజుల గడువుతో ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో ఈ వారమే పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా పదహారో రోజున ఫిర్యాదు రాయడానికి కూర్చోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పవచ్చు, కానీ దాని జవాబు కోసం గడువు ఆగదు.

వీటన్నిటికన్నా ముందు, ఇవాళే మీ బావమరిదికి ఫోన్ చేసి ఆ చాట్‌లో ఏదీ డిలీట్ చేయవద్దని చెప్పండి. ఆయన కూడా ఫోన్ మార్చే ఆలోచనలో ఉంటే నవంబరు దాకా ఆపమనండి.