అండాశయంలో గడ్డ ఏమిటో అల్ట్రాసౌండ్‌లో తేలకపోతే ఎం.ఆర్.ఐ.లో తేలుతుందా?

అల్ట్రాసౌండ్‌లో 6 సెంటీమీటర్ల గడ్డ కనబడింది, రిపోర్టులో "ఇన్‌డిటర్మినేట్" (ఏమిటో తేల్చలేం) అని రాశారు, ఎం.ఆర్.ఐ. తీస్తే క్యాన్సరో కాదో తేలిపోతుందా అని అడిగారు. చాలావరకు తేలుతుంది, స్కాన్ సరిగ్గా తీస్తే. చీటీ మీద ఉత్త "ఎం.ఆర్.ఐ. పెల్విస్" అని గిలికి పంపితే మాత్రం ఎంత ఖరీదైన మెషీనైనా మళ్లీ "ఇన్‌డిటర్మినేట్" అనే చెబుతుంది.

ముందు టీ1 అనే రకం ఎం.ఆర్.ఐ. చిత్రాల సంగతి. పాత రక్తం, కొవ్వు రెండూ అందులో తెల్లగానే మెరుస్తాయి. కొవ్వును అణిచే ఫ్యాట్ శాచురేషన్‌తో మళ్లీ తీస్తే డెర్మాయిడ్ అనే కొవ్వు గడ్డలోని కొవ్వు నల్లబడుతుంది, పాత రక్తం నిండిన గడ్డ, అంటే ఎండోమెట్రియోమా, అలాగే మెరుస్తుంది. కొన్నిచోట్ల దీని బదులు స్టిర్ అనే, కొవ్వును అణిచే మరో పద్ధతితో సరిపెట్టేస్తారు. స్టిర్ రక్తాన్ని కూడా నల్లబరచగలదు, అప్పుడు ఎండోమెట్రియోమా కాస్తా డెర్మాయిడ్ అయి కూర్చుంటుంది.

అసలు కీలకం సాలిడ్ టిష్యూ (గడ్డలో ద్రవం కాని గట్టి భాగం), నరంలోకి ఎక్కించే డైని అది పీల్చుకునే తీరు. కిలో బరువుకు 0.1 మిల్లీమోల్ గాడోలినియం డై, సెకనుకు 2 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కిస్తూ, 15 సెకన్లకు మించకుండా ఒక్కో వరస చిత్రాలు తీయాలి. సమయంతో పాటు డై ఎలా ఎక్కిందో గ్రాఫు గీసి, గడ్డలోని సాలిడ్ భాగం గ్రాఫును గర్భాశయ కండరం గ్రాఫుతో పోలుస్తారు. మెల్లగా ఎక్కుతూనే పోతే ఓ-ర్యాడ్స్ (క్యాన్సర్ అనుమానం ఎంతో అంకెలో చెప్పే పద్ధతి) స్కోరు 3, ఎక్కి నిలబడిపోతే 4, కండరం కన్నా నిటారుగా లేస్తే 5. క్యాన్సర్ అవకాశం 3లో సుమారు 5 శాతం, 4లో 50, 5లో 90. సాలిడ్ భాగం టీ2 అనే మరో రకం చిత్రాల్లోనూ, నీటి అణువుల కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రాల్లోనూ (హై బీ-వాల్యూవి) కారునలుపుగా ఉంటే గ్రాఫు ఎలా ఉన్నా స్కోరు 2 మాత్రమే. ఫైబ్రోమాలు (క్యాన్సర్ కాని నార గడ్డలు) ఎక్కువగా ఇలాగే కనబడతాయి. గర్భసంచి తీసేసినవాళ్లలో మాత్రం పోల్చడానికి కండరమే ఉండదు, 4కీ 5కీ తేడా చెప్పడం కష్టం.

ఎండోమెట్రియోమాలో ఇంకో చిక్కు. లోపలంతా ముందే తెల్లగా ఉంటుంది కాబట్టి, గోడకు అంటుకున్న చిన్న గడ్డ డై తీసుకుందో లేదో కంటికి ఆనదు. డై తర్వాతి చిత్రం నుంచి ముందుదాన్ని తీసివేసి చూడాలి, సబ్‌ట్రాక్షన్ అంటారు. మెరుపు మిగిలితే అది బతికున్న కణజాలం, మిగలకపోతే గడ్డకట్టిన రక్తం. మధ్యలో పేషెంటు కాస్త కదిలినా, పేగు కదిలినా అంచుల్లో లేని మెరుపు పుడుతుంది. పేగు కదలికలు ఆపడానికి ముందే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ 20 మిల్లీగ్రాములు ఇచ్చేది అందుకే.

"డిఫ్యూజన్ రిస్ట్రిక్షన్ ఉంది" (అంటే ఆ భాగంలో నీటి కదలిక తగ్గి, డిఫ్యూజన్ చిత్రంలో మెరుస్తోంది) అన్న ఒక్క వాక్యం చదివి బెంబేలెత్తకండి. చీము, పాత రక్తం, డెర్మాయిడ్ కూడా అలాగే మెరుస్తాయి. ఆ ముక్క రాసి స్కోరు రాయకుండా వదిలేసే రిపోర్టులంటే నాకు ఒళ్లు మంట. స్కోరు ఎంతో అడిగి రాయించుకోండి. స్కాన్ చీటీలో వయసు, చివరి నెలసరి తేదీ, సీఏ-125 అనే రక్తపరీక్ష విలువ ఉండేలా చూసుకోండి. నెలసరి ఇంకా ఆగనివాళ్లలో 3 సెంటీమీటర్ల లోపు మామూలు ఫాలికిల్ (అండం పెరిగే నీటి సంచి) అయితే స్కోరు 1, అసలు గడ్డ కిందే లెక్క కాదు.