నవలలో అక్క ఉంది, అక్క మాట లేదు

ప్రశ్న: మాది సిరిసిల్ల. నాకు 29 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మా ఊళ్లో పెరిగిన రోజుల మీద మూడేళ్లు కూర్చుని ఒక నవల రాశాను. బాపు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసి, తర్వాత మహారాష్ట్రలోని భివండి వెళ్లాడు. అక్క తొమ్మిదో తరగతిలో బడి మానేసి, బీడీలు చేసి నన్ను చదివించింది. పెళ్లికి ముందు ఆమె ఒకతన్ని ఇష్టపడింది. వాళ్ల ఉత్తరాలు మోసింది నేనే. అదంతా నవలలో ఒక అధ్యాయం. మనుషుల పేర్లు మార్చాను. చదవమని అక్కకు పంపితే, చదివి, రెండు నెలలుగా నాతో మాట్లాడటం లేదు. ఆమె అత్తగారిది కూడా ఆ పక్క ఊరే. అమ్మ ఆ కాగితాలు పొయ్యిలో పెట్టమంటోంది. అచ్చు వేయడానికి ప్రచురణకర్త సిద్ధంగా ఉన్నాడు. ఊరి పేరు కూడా మార్చేస్తే సరిపోతుందా? నిజం రాయడం తప్పా?

జవాబు: ఉత్తరంతో పాటు మీరు పంపిన నలభై పేజీలూ చదివాను. మీరు బాగా రాస్తారు. అర్ధరాత్రి కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే, ఆ నిశ్శబ్దానికి పిల్లాడు ఉలిక్కిపడి లేచే చోటు నన్ను చాలాసేపు వదల్లేదు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లు తప్ప ఇంకొకరు రాయలేని వాక్యాలవి. అందుకని కాగితాలు పొయ్యిలో పెట్టమని నేను చెప్పను.

అన్నిటికంటే ముందు ఒక పని ఉంది. అక్కకు నవల ఎలా పంపారు? ఫోన్‌కు పంపి ఉంటే, ఆ ఫోన్ ఇంట్లో ఇంకెవరెవరు చూస్తారో మీకు తెలుసా? ఈరోజే అమ్మ ద్వారా కనుక్కుని, దాన్ని తీసేయించండి. అత్తగారింట్లో ఎవరైనా ఇప్పటికే చదివి, ఆమెను మాటలతోనో చేతులతోనో బాధపెడుతుంటే, నవల సంగతి పూర్తిగా పక్కన పెట్టండి. అప్పుడు ఆమెకు కావలసింది మీ అండ. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆమెకు తెలిసేలా చూడండి.

ఊరి పేరు విషయం. ఆర్.కె. నారాయణ్ 1935లో వచ్చిన తన తొలి నవల కోసం మాల్గుడి అనే ఊరిని సృష్టించారు. అది ఏ పటంలోనూ లేదు. మీరూ అలా చేయొచ్చు. కానీ మీ పేజీల్లో సాంచాలున్నాయి, మానేరు వాగు ఉంది, శివరాత్రికి వేములవాడ నడిచి వెళ్లడం ఉంది, చాటలు ముందు పెట్టుకుని గడపల్లో బీడీలు చేసే ఆడవాళ్లున్నారు. ఇవి తీసేస్తే నవలే మిగలదు. ఇవి ఉంచితే, ఊరికి ఏ పేరు పెట్టినా మీ వాడకట్టు వాళ్లు రెండో పేజీలోనే గుర్తుపడతారు. తమ్ముణ్ణి చదివించిన ఆ ఇంటి పెద్దపిల్ల ఎవరంటే అక్కడ అందరికీ తెలుసు. ఒకరు ఒక పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి ఆమె ఇంటికి చేరుతుంది. పేరు మారిస్తే మీకు కాస్త ధైర్యం వస్తుందేమో గానీ, అక్కకు ఏ రక్షణా రాదు.

ఇక నిజం రాయడం గురించి. సలహా కోసం నా దగ్గరికి వచ్చినవాళ్లు చెప్పింది నేను ఎక్కడా రాయకూడదు. అది నా వృత్తి నియమం. నవల రాసేవాళ్లకు అలాంటి నియమం పెట్టలేం, పెట్టకూడదు కూడా. మీ బడి, మీ ఆకలి, బాపు భివండి బస్సెక్కిన పొద్దున మీ గొంతులో అడ్డుపడిన ముద్ద, ఇవన్నీ మీవి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ఉత్తరాలు మాత్రం మీ చేతి మీదుగా వెళ్లాయి గానీ మీవి కావు. తమ్ముడు ఎవరికీ చెప్పడు అనుకునే ఆమె మీ చేతికిచ్చింది. ఇన్నేళ్లయింది కదా అని ఆ నమ్మకం తీరిపోదు.

ఇంకొకటి గమనించాను. మీకు కష్టంగా అనిపించినా చెబుతాను. రాత్రే తునికాకు తడిపి గుడ్డలో చుట్టి పెట్టడం, పొద్దున కత్తెరతో ఆకు కత్తిరించడం, ఎంత కడిగినా వేళ్లకు తంబాకు వాసన వదలకపోవడం, ఇరవై ఐదేసి బీడీల కట్టలు నలభై అయితేనే వెయ్యి లెక్క తేలడం, కార్ఖానాలో బాగాలేవని పక్కకు తీసేసినవాటికి ఆమె ఏడవడం, అన్నీ రాశారు. అక్క చేతులను అంత బాగా చూశారు. ఆమె బడి మానేసిన రోజు మాత్రం ఒక్క వాక్యంలో అయిపోయింది. 'ఆ ఏడు అక్క బడి మానేసింది' అని రాసి, వెంటనే మీ కొత్త యూనిఫారం దగ్గరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆమె తన కోసం ఏదైనా కోరుకున్నట్టు కనిపించేది ఉత్తరాల అధ్యాయంలోనే. మీరు పంపినంతలో ఆమెకంటూ ఉన్న కోరిక అదొక్కటే. అది కూడా బయటికి రాకూడనిది.

మీ ప్రాంతంలో బీడీ పని వచ్చిన పిల్లకు సంబంధాలు తొందరగా వచ్చేవి. చేతిలో పని ఉంది, పి.ఎఫ్. ఉంది అని చూసేవాళ్లు. మీ ఫీజులు కట్టిన పనే ఆమె పెళ్లి ఎవరితో జరగాలో తేల్చడంలోనూ ఎంతో కొంత ఉండే ఉంటుంది. నవలలో పిల్లాడికి ఈ ఆలోచనే రాలేదు. పెద్దవాడైన పిల్లాడి కథ అని మీరు రాశారు. అక్క విషయంలో వాడు నాకు ఇంకా పదేళ్లవాడిలాగే కనిపించాడు.

ఆమె మాట్లాడకపోవడానికి భయం ఒక కారణం కావచ్చు. కానీ భయమే అయితే 'అది తీసెయ్‌రా' అని ఒక ఫోన్ చేసి ఉండేది. ఇన్ని రోజుల మౌనంలో ఇంకేదో నొప్పి ఉందని నాకు అనిపిస్తోంది. అదేమిటో ఆమె చెబితేనే తెలుస్తుంది.

ప్రచురణకర్తను ఆరు నెలలు ఆగమనండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అమ్మతో విడిగా మాట్లాడండి. ఉత్తరాల సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసి ఉంటే, తన ఇంట్లో తన కూతురు ఇంత బాధ దాచుకుందా అన్నది కూడా ఆమె కోపంలో ఉంటుంది.

అక్కను మాత్రం ఫోన్‌లో కాదు, ఎదురుగా కలవండి. అదీ అమ్మ ఇంట్లో. బతుకమ్మకు ఎలాగూ వస్తుంది గానీ అప్పటిదాకా ఆగకండి. ముందుగా చెప్పకుండా ఆ పేజీలు పంపినందుకు క్షమించమని అడగండి. 'అచ్చు వేసుకోనా?' అని మాత్రం అడగకండి. మీ కోసం ఆమె చిన్నప్పటి నుంచీ అన్నింటికీ సరే అంటూనే వచ్చింది. అడిగితే దీనికీ సరే అనేస్తుంది. తనంతట తాను అంటే కూడా కొన్ని నెలలు ఆగి, ఇంకోసారి కనుక్కోండి. వద్దంటే ఆ అధ్యాయం మొత్తం తీసేయండి. మనుషులను అటూ ఇటూ మార్చి, వేరే పేరుతో మళ్లీ పెట్టొద్దు. కరెంటు పోయిన ఆ రాత్రి రాయగలిగిన మీకు, ఆ ఉత్తరాలు లేకుండానే నవల నిలబెట్టడం చేతనవుతుంది.

వెళ్లినప్పుడు నవలను సంచిలోంచి బయటికి తీయకండి. బడి మానేసిన రోజు ఏం జరిగిందో అడగండి. ఆమె చెప్పడం మొదలుపెడితే, ఏమీ రాసుకోకుండా వినండి.