ఆటిజం ఉన్న పెద్దవారు సదరం పరీక్షకు ముందు రాసుకోవలసినవి

డిగ్రీ చదివి, బాగానే మాట్లాడగలిగే ఆటిజం వ్యక్తికి సదరం (వైద్య పరీక్ష చేసి వైకల్య శాతం తేల్చే ప్రభుత్వ ఏర్పాటు) ధ్రువపత్రం, దివ్యాంగుల పింఛను వస్తాయా అని బొబ్బిలి నుంచి మీరు అడిగారు. రావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి; చదువుకున్నారన్న కారణంతో మిమ్మల్ని పక్కన పెట్టడానికి వీలులేదు. నేను విజయనగరం జిల్లాలో, పెద్దయ్యాకే నిర్ధారణ జరిగి ధ్రువపత్రం పొందిన మనిషిని.

సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకోవడం చిన్న పని. అసలు శ్రద్ధ పెట్టవలసినది పరీక్ష మీద. ఆటిజం తీవ్రతను అంచనా వేయడానికి మన దేశంలో వాడే ఐఎస్‌ఏఏ అనే కొలమానంలో 40 అంశాలుంటాయి. ఒక్కొక్క లక్షణం ఎంత తరచుగా కనిపిస్తుందో చూసి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 వస్తే 40 శాతం వైకల్యంగా లెక్కిస్తారు. పింఛనుకు కనీసం కావలసినదీ ఆ 40 శాతమే. కాబట్టి "జనంలో ఇబ్బంది పడతాను" అని ఊరుకుంటే చాలదు. ఎన్ని రోజులకొకసారి, ఎంతసేపు, అప్పుడు పక్కన ఎవరుండాలి అన్నవి ముందే కాగితం మీద పెట్టుకోండి. పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో నేను గడప దాటలేననీ, బస్సు హారన్ల మధ్య మాట పెగలక అమ్మే టికెట్టు తీసుకుంటుందనీ, వంటింట్లో సామాను చోటు మారితే ఆ పూట తిండి మానేస్తాననీ రాసుకున్నాను. "ఇంత చక్కగా మాట్లాడుతున్నావు, నీకేం లోటమ్మా?" అని పరీక్షించిన వైద్యుడు అడిగినప్పుడు నాకు జవాబు రాలేదు, ఆ కాగితమే అందించాను. లేనిది కలపవద్దు, ఉన్నది బిడియంతో తగ్గించవద్దు.

మీ చిన్ననాటి సంగతులు తెలిసిన అమ్మనో, పిన్నినో వెంట తీసుకువెళ్లండి. ఆటిజం బాల్యం నుంచే ఉండేది కనుక వారి మాట చాలా అవసరం. పాత చికిత్స కాగితాలుంటే అవీ పట్టుకెళ్లండి.

ధ్రువపత్రం రాగానే పింఛను దానంతటదే మొదలవదు. సచివాలయంలో విడిగా దరఖాస్తు చేయాలి; అక్కడ కుటుంబ అర్హతలు కూడా చూస్తారు. 2024లో పెంచిన తరువాత దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పింఛను రాకపోయినా ధ్రువపత్రం వదులుకోవద్దు: ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషనుకూ, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకూ అదే ఆధారం. శాతం అన్యాయంగా తగ్గించారనిపిస్తే దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు. అందుకే మీరు రాసిన కాగితానికి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.