కేటీలో బార్కర్ డ్యామ్ వెనక ఇల్లు కొనొచ్చా?

మీరు అడిగింది ఇది: హ్యూస్టన్ పక్కన కేటీలో, జార్జ్ బుష్ పార్కు దగ్గర ఒక ఇల్లు నచ్చింది. ధర అందుబాటులో ఉంది, ఫ్లడ్ మ్యాపులో కూడా రిస్కు తక్కువనే చూపిస్తోంది. కానీ ఆఫీసులో ఒకాయన "అది రిజర్వాయర్ లోపల ఉంది" అన్నారు. చుక్క నీరు కనబడని చోట రిజర్వాయర్ ఏమిటి, కొనొచ్చా వద్దా?

ఆయన చెప్పింది నిజమేనండీ. అలాగని అక్కడ అసలు కొనొద్దని నేననను. ఇంటి ఫ్లోర్ సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో తెలుసుకోకుండా మాత్రం సంతకం పెట్టకండి. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు మేం బార్కర్ వెనకే, అంటే కట్టకు ఎగువనే ఉన్నాం, మా ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర డ్యామ్ అంటే నిండుగా నీళ్ళు, భయమంతా దిగువన ఉండేవాళ్ళది. ఇక్కడ లెక్క వేరు. 1929లో, మళ్ళీ 1935లో బఫెలో బయూ (హ్యూస్టన్ మధ్యగా పారే ఏరు) పొంగి హ్యూస్టన్ డౌన్‌టౌన్ మునిగింది. ఇంకోసారి అలా జరక్కూడదని ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ఊరికి పడమర రెండు మట్టికట్టలు వేసింది. 1945లో బార్కర్ పూర్తయింది, 1948లో ఆడిక్స్. సాగునీటికి కాదు, తాగునీటికి కాదు, కరెంటుకీ కాదు. వరదను పట్టి ఉంచి మెల్లగా వదలడమే వాటి పని. అందుకే మామూలు రోజుల్లో ఎండిపోయి ఉంటాయి. ఆ ఖాళీ జాగాలోనే మీరన్న జార్జ్ బుష్ పార్కు, సాకర్ గ్రౌండ్లు, సైకిల్ దారులు పెట్టారు. హైవే 6 మీద వెళ్తుంటే పక్కనే గడ్డి పెరిగిన పొడవాటి గట్టు కనబడుతుంది, అదే డ్యామ్. బార్కర్ కట్ట పొడవు 13 మైళ్ళకు పైనే.

పెద్ద వాన పడగానే తూముల గేట్లు మూసేస్తారు. దిగువన బయూ ఒడ్డునంతా ఇళ్ళున్నాయి కాబట్టి మామూలుగా అక్కడ 2,000 క్యూసెక్కులకు మించి పారకుండా చూస్తారు. మిగతాదంతా ఎగువన నిలవాల్సిందే. ఎంత మట్టం దాకా నిలుస్తుందన్నదే మీకు కావలసిన సంగతి. బార్కర్‌లో ప్రభుత్వం సొంతం చేసుకున్న భూమి సుమారు 95 అడుగుల మట్టం వరకే. కట్ట చివర్లలో పక్క నుంచి నీళ్ళు పొర్లిపోవడం మొదలయ్యేది 104 అడుగుల దగ్గర. మధ్యలో ఉన్న ఆ తొమ్మిది అడుగుల మేర నేల ప్రైవేటు వాళ్ళది. ఒకప్పుడు కేటీ చుట్టుపక్కల వరి పండించేవాళ్ళు. పొలం మునిగితే ఆ ఏడు పంట పోయేది, అంతే. తర్వాత ఆ నేలలోనే సబ్‌డివిజన్లు, అంటే ఇళ్ళ కాలనీలు లేచాయి. పోలవరంలో 41.15 మీటర్ల కాంటూరా, 45.72 మీటర్లా అన్న వాదన మనవాళ్ళందరూ విన్నదే. ఇక్కడా అలాంటి గీతలే ఉన్నాయి, కానీ వాటి లోపల ఇల్లు కొంటున్నవాళ్ళకు ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు. ఫోర్ట్ బెండ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కొన్ని ప్లాట్ మ్యాపుల, అంటే కాలనీ లేఔట్ల మీద "ఇక్కడ నీళ్ళు నిలవవచ్చు" అనే అర్థంలో ఒక నోట్ ఉండేది. క్లోజింగ్ రోజు, అంటే సంతకాలు పెట్టి ఇల్లు చేతికి తీసుకునే రోజు, అంత కాగితాల కట్టలో ఆ మ్యాపు తీసి చదివేదెవరు? మాకు ఇల్లు చూపించిన ఏజెంటు "పక్కనే పార్కు, వెనక ఎవరూ కట్టరు" అని మాత్రం చెప్పారు.

హార్వీలో జరిగింది కూడా తెలియాలి మీకు. ఆగస్టు 26 రాత్రి నుంచి కుండపోత. వీధిలోకి నీళ్ళు రావడం, వాన తగ్గగానే లాగేయడం హ్యూస్టన్‌లో మామూలే. ఈసారి వాన తెరిపిచ్చినా నీళ్ళు లాగలేదు. పేవ్‌మెంటు అంచున వాన నీరు దిగిపోవాల్సిన డ్రెయిన్ నోట్లోంచే నీళ్ళు పైకి ఊరుతున్నాయి. ప్రవాహం లేదు, చప్పుడు లేదు. ఎర్రచీమలు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులుగా తేలుతూ వచ్చి గ్యారేజీ గోడకు చేరాయి. ఆ గోడ మీద ఇటుక వరసలు చూసుకుంటూ కూర్చున్నాను, కొన్ని గంటలకు ఒక వరస చొప్పున మునుగుతోంది. ఏటి వరద అయితే వచ్చి పోతుంది. ఇది చెరువు నిండడం లాంటిది, నిండినంతసేపూ పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లో పెద్దావిడ, పిల్లలు ఉన్నారని ఒక టెన్షన్. మోకాలి లోతు రాకముందే ఎవరో తెచ్చిన చేపల పడవలో బయటపడి, ఎత్తు మీదున్న ఒక తెలుగువాళ్ళింట్లో తలదాచుకున్నాం. మాలాంటివాళ్ళు ఇంకో రెండు కుటుంబాలు అక్కడ ఉన్నారు. ఆ ఇంటావిడ రోజుకు మూడు పూటలా అందరికీ వండి పెట్టింది, ఆమె రుణం తీర్చుకోలేనిది.

28 తెల్లవారకముందే గేట్లు తెరిచారు. రెండు డ్యాముల నుంచి కలిపి 13,000 క్యూసెక్కులు దాటి వదిలారు, దిగువన కూడా ఇళ్ళు మునిగాయి. అయినా బార్కర్ మట్టం పెరుగుతూ పోయి, వాన వెలిశాక 30న 101.6 అడుగుల దగ్గర ఆగింది. అంతకుముందు రికార్డు 2016 ఏప్రిల్ వరదలో వచ్చిన 95 అడుగుల చిల్లర. వారం దాటాక గానీ మేం ఇంట్లో అడుగు పెట్టలేకపోయాం. చెక్క ఫ్లోరంతా ఉబ్బి లేచిపోయింది. గోడలకున్న షీట్‌రాక్‌ను (జిప్సం పలకలను) నీటి మరకకు పైదాకా కోసి వీధిలో కుప్ప పోశాం, వీధి పొడవునా అవే కుప్పలు. ఫ్లడ్ మ్యాపులో తక్కువ రిస్కు అని ఉన్న వీధే మాది. బ్యాంకు అడగలేదని చాలామంది ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకోలేదు, హోమ్ ఇన్సూరెన్స్ వరదకు పైసా ఇవ్వదు. ఎగువ ఇళ్ళు మునగడానికి ఫెడరల్ ప్రభుత్వానిదే బాధ్యత అని 2019 డిసెంబరులో కోర్టు తేల్చింది. కానీ తీర్పు చేతికొచ్చేలోపు ఇల్లు బాగుచేసుకోవాల్సింది మన డబ్బుతోనే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఇంటి ఫ్లోర్ ఎన్ని అడుగుల మట్టంలో ఉందో చెప్పే ఎలివేషన్ సర్టిఫికెట్ అడగండి. లేకపోతే సొంత ఖర్చుతో సర్వే చేయించండి, ఇంటి ధరతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు. ఫ్లోర్ 102 అడుగుల లోపైతే 2017 నీటి మట్టానికి దొరికే ఇల్లే. నేనైతే 104 దాటిన ఇళ్ళే చూస్తాను. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్ చట్టం ప్రకారం ఇల్లు రిజర్వాయర్‌లో ఉందా, ఫ్లడ్ పూల్‌లో (రిజర్వాయర్ నిండితే నీళ్ళు పరుచుకునే మేరలో) ఉందా, ముందు ఎప్పుడైనా మునిగిందా అన్నది అమ్మేవాళ్ళు డిస్‌క్లోజర్ ఫారంలో రాయాలి. ఆ పేజీ సొంతంగా చదవండి. హార్వీ తర్వాత కొత్త తూములు పూర్తయ్యాయి కదా అని ఎవరైనా అంటే, అవి కట్ట భద్రత కోసం, మీ గుమ్మం దాకా వచ్చే నీటిని ఆపడానికి కాదు.

కొంటే మాత్రం మ్యాపు ఏం చెప్పినా ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ప్రభుత్వ పాలసీలో ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్ల వరకు వస్తుంది. విడిగా తీసుకుంటే 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది కాబట్టి తుఫాను పేరు టీవీలో విన్నాక పరిగెత్తితే లాభం లేదు, క్లోజింగ్‌తో పాటే కట్టేయండి. ఫ్లోర్ లెవెల్ ఎంతో తెలిశాక ఇక్కడ రాయండి, సబ్‌డివిజన్ పేరు చాలు, ఇంటి నంబరు పెట్టకండి. నాకు తెలిసిన వీధులైతే ఆ ఏడాది నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్తాను.