రవ్వలు పడుతున్నా కొబ్బరి పీచు అంటుకోకపోతే: సమాధానం

మీ ఫెర్రో కడ్డీ (కత్తితో గీస్తే రవ్వలు రాల్చే, నిప్పు రాజేసే లోహపు కడ్డీ) నుంచి నిప్పురవ్వలు ధారాళంగా రాలుతున్నా కొబ్బరి పీచు అంటుకోవడం లేదని రాశారు. లోపం కడ్డీలో కాదు, పీచు ముతకగా ఉండటంలోనే ఉందని నా అభిప్రాయం. ఆ రవ్వల వేడి సుమారు 3000 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, అవి క్షణంలో ఆరిపోతాయి కనుక లావుపాటి పోగులు రాజుకునేంత వ్యవధి దొరకదు. పీచును ఎండలో బాగా ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి, వెంట్రుకలంత సన్నగా విడదీసి, పిచ్చుక గూడులా వదులుగా చుట్టండి. దాని నడుమ కొద్దిగా వాసెలిన్ పూసిన దూదిని విప్పి పెడితే, పుల్లలు అందుకునేదాకా మంట నిలుస్తుంది. దూదిని పూర్తిగా జిడ్డు చేయవద్దు, ఎందుకంటే రవ్వను పట్టేది పొడిగా మిగిలిన నూగు పోగులే. గీసేటప్పుడు కత్తి వెనుక అంచును కదలకుండా ఉంచి కడ్డీనే వెనక్కి లాగండి. లేకపోతే చేయి తగిలి గూడు చెదిరిపోతుంది.