సారా ఉద్యమంపై పరిశోధనకు బయలుదేరుతున్న మేనకోడలికి

చిరంజీవి సౌజన్యకు, అత్తయ్య ఆశీస్సులు.

నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం మీద నువ్వు పీహెచ్‌డీ చేయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. మన ఇంటి ఆడపిల్ల ఈ పనికి పూనుకున్నందుకు గర్వంగా ఉంది, ఒంటరిగా ఊళ్ళు పట్టుకుని తిరగాలి కదా అని బెంగగానూ ఉంది.

కాగితాల పని నీకు నేర్పనక్కరలేదు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కూ, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికీ వెళ్ళు, ఆనాటి దినపత్రికలనూ శాసనసభ చర్చలనూ తేదీల వరుసలో చదువు, చదివిన రోజే నోట్సు రాసుకో.

అక్షరాస్యతా తరగతులకు వచ్చిన దూబగుంట స్త్రీలు 1992లో తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారనీ, జిల్లా అంతటా ఆడవాళ్ళు సారా దుకాణాల వేలంపాటలను అడ్డుకున్నారనీ, 1993 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం నిషేధమయ్యాయనీ, 1997లో సారా మీద తప్ప మిగతా మద్యం మీద నిషేధాన్ని ఎత్తేశారనీ అందరికీ కంఠతా వచ్చు. అలా కంఠతా వచ్చిన కథతోనే నాకు భయం. ఆ తరగతుల వాచకంలో ఒక పాఠం చదివి ఆడవాళ్ళు లేచారని రాసేస్తే, 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారాను ఊరూరికీ చేర్చిన సంగతీ, కూలి డబ్బు ఇల్లు చేరకముందే దుకాణంలో కరిగిపోయిన సంగతీ వెనక్కి పోతాయి. ముందు నడిచినవాళ్ళలో చాలామంది దళిత, వెనుకబడిన కులాల కూలి స్త్రీలు. ఆ మాట లేకుండా ఒక్క అధ్యాయం కూడా ముగించకు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. నిషేధం ఎత్తేసిన కొన్నాళ్ళకు ఒక పరిశోధక బృందం ఆ ప్రాంతంలోని ఒక ఊరికి వెళ్ళినప్పుడు, దారి చూపడానికి నేనూ వెంట ఉన్నాను. ఊరి పెద్ద ఇంటి అరుగు మీద ఆడవాళ్ళను కూర్చోబెట్టి, టేపు రికార్డరు పెట్టి, ఉద్యమంలోకి ఎలా వచ్చారని అడిగారు. పక్కన నులకమంచం మీద పాత సారా కాంట్రాక్టరు తమ్ముడు కూర్చున్నాడు. అతను గొంతు సవరించుకున్నప్పుడల్లా, జవాబు చెబుతున్న ఆవిడ కొంగును ముంజేతి మీదికి లాక్కునేది, 'అందరం కలిసి చేశామమ్మా' అని ఆపేసేది. సాయంత్రం గేదెకు గడ్డి వేస్తూ ఆవిడే నాకు వేరే కథ చెప్పింది: దుకాణం ముందు కూర్చున్నందుకు భర్త కొట్టిన దెబ్బలు, పనికి పిలవడం మానేసిన రైతు, చేయి విరిగినా ఆసుపత్రికి వెళ్ళనివ్వని ఇల్లు. బృందం నివేదికలో అరుగు మీది మాటలే అచ్చయ్యాయి, ఊరంతా ఒక్కటై నిలిచిందని రాశారు. ఆ తర్వాత రాసినవాళ్ళు దాన్నే ఉటంకించారు. ఆవిడ మౌనం కాస్తా ఆవిడ సమ్మతిగా చరిత్రలోకెక్కింది.

కాబట్టి, అమ్మలూ, ప్రశ్నాపత్రం తయారు చేయడానికి ముందు, గదిలో ఎవరెవరు ఉంటారో తేల్చుకో. ఆమె పనిచేసే చోటికి నువ్వే వెళ్ళు. మొదటి రోజే రికార్డరు తీయకు. ఆమె చెప్పింది రాసి, మళ్ళీ వెళ్ళి చదివి వినిపించు, తీసేయమన్న వాక్యం ఎంత విలువైనదైనా తీసెయ్యి. పేరు వేయాలో వద్దో ఆమె చెప్పాలి, మీ గైడు కాదు. ఈ విషయంలో నీమీద ఎవరైనా ఒత్తిడి తెస్తే నాకు చెప్పు, నేను మాట్లాడతాను.

ప్రభుత్వ విధానాల మీద నీ అధ్యాయంలో పొదుపు సంఘాలను కూడా చేర్చు. సారా దుకాణం ముందు కూర్చున్న చేతులే తర్వాత పొదుపు పుస్తకం పట్టుకున్నాయని రాయడం తేలిక, ఆ పుస్తకంలో అప్పు ఎవరి పేరున ఉంది, ఖర్చు ఎవరు చేశారు అన్నది అడిగి తెలుసుకోవడం కష్టం. ఆ కష్టమే పడు. మద్యం ఆదాయం మీద ప్రభుత్వాలు ఎంత ఆధారపడ్డాయో బడ్జెట్ పత్రాల్లో చూడు, అప్పుడు 1997 నిర్ణయం నీకు అర్థమవుతుంది.

ఎండాకాలంలో మధ్యాహ్నం బస్సుల కోసం నిలబడకు. రాత్రి ఏ ఊళ్ళో ఉంటున్నావో మీ నాన్నకు తప్పకుండా చెప్పు, చెప్పకపోతే నేనే అక్కడికి వచ్చేస్తాను. ఆనాటి పత్రికల కటింగులు ఒక పెట్టె నిండా ఉన్నాయి. మొదటి ఊరికి వెళ్ళేలోపు వచ్చి తీసుకువెళ్ళు.

నీ మేనత్త