కోర్టు తేదీ చూసి పెళ్లి ముహూర్తం పెట్టకండి

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక బ్యాంకులో పని చేస్తున్నాను. నల్గొండలో బీటెక్ చదివేటప్పటి నుంచి తెలిసిన అబ్బాయితోనే పోయిన ఏడాది పెద్దవాళ్లు సంబంధం ఖాయం చేశారు. వాళ్లది దేవరకొండ దగ్గర పల్లె. అతను అమెరికాలో, టెక్సస్‌లో ఎంఎస్ చేసి హెచ్-1బీ మీద ఉద్యోగం చేశాడు. వీసా పొడిగింపు తిరస్కరించి తొమ్మిది నెలలైంది. అయినా అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు ఇమిగ్రేషన్ కోర్టు నుంచి నోటీసు వచ్చింది. వచ్చే నెల వాయిదా. ఇదంతా నాకు ఈ మధ్యే చెప్పాడు. వీడియోలో పెళ్లి చేసుకుని సర్టిఫికెట్ తీస్తే కోర్టులో పనికొస్తుందని ఎవరో చెప్పారట. ఇంకొకరు అక్కడి సిటిజన్ అమ్మాయిని పేపర్ మీద పెళ్లి చేసుకుని, గ్రీన్‌కార్డు వచ్చాక విడాకులు తీసుకోమన్నారట. ‘నువ్వేమంటావ్?’ అని నన్నే అడుగుతున్నాడు. వాళ్లమ్మ మిగిలిన కట్నం ఇప్పుడే ఇస్తే లాయర్‌కు కడతామంటోంది. మా నాయినకు ఇంకా ఏమీ తెలియదు. నా వెనక చెల్లి పెళ్లికి ఉంది. అతన్ని వదులుకోవాలని లేదు. ఈ పెళ్లి చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చమ్మా. కానీ ఇప్పుడు కాదు, ఈ కేసు కోసం అసలే కాదు. అతను తిరిగొచ్చి, ఎదురుగా కూర్చుని, మీరు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాక అప్పుడు నిర్ణయించుకోండి. ఈ మాట ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. మీ ఉత్తరంలో ప్రేమ, భయం, డబ్బు, కోర్టు అన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ముందు వాటిని విడదీయాలి.

మొదట ఆ పేపర్ పెళ్లి సంగతి. దీనికి మీరు ఈ రోజే, తడబడకుండా, వద్దని చెప్పాలి. అమెరికాలో సిటిజన్‌ను నిజంగా ప్రేమించి పెళ్లి చేసుకున్నవాళ్లకు చట్టం దారి ఇస్తుంది. వీసాతో సరిగ్గా దేశంలోకి వచ్చినవాళ్లయితే గడువు దాటి ఉన్నా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ దారి ఉంది కాబట్టే దొంగ పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లూ పుట్టుకొచ్చారు. ఇమిగ్రేషన్ కోసం దొంగ పెళ్లి చేసుకుంటే అక్కడ ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఒకసారి ఆ ముద్ర పడితే, ఆ తర్వాత ఎవరిని నిజంగా పెళ్లి చేసుకున్నా ఆ పెళ్లి ద్వారా గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదించరు. పైగా కోర్టులో కేసు నడుస్తుండగా చేసుకున్న పెళ్లిని అక్కడి అధికారులు మొదటి నుంచీ అనుమానంతోనే చూస్తారు. అది నిజమైన పెళ్లేనని గట్టి ఆధారాలతో నిరూపించాల్సిన బాధ్యత ఆ జంటదే. కలిసి ఉన్న ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫొటోలు, విడివిడిగా అడిగే ప్రశ్నలు... ఇవన్నీ దాటినా, పెళ్లై రెండేళ్లు నిండకుండా వచ్చే గ్రీన్‌కార్డు రెండేళ్లకే ఉంటుంది. తర్వాత మళ్లీ పరీక్షే. ఇన్నేళ్లూ మీరు ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేని మనిషిగా ఎదురుచూడాలి. ఆ రెండేళ్లూ చట్టం దృష్టిలో అతను ఇంకొకరి భర్త.

అతను ఈ విషయం మీ దగ్గర దాచలేదు, ఆ మేరకు మంచిదే. కానీ ‘నువ్వేమంటావ్’ అని అడగడంలో ఆ బరువును మీ మీదికి నెట్టడం కూడా ఉంది. రేపు ఏదైనా జరిగితే ‘నువ్వు సరేనన్నావు కదా’ అనే మాట వస్తుంది. అందుకే ఫోన్లో చెప్పినా, మెసేజ్‌లో కూడా రాసి పెట్టండి: ‘ఆ పని చేస్తే మన సంబంధం అక్కడితో అయిపోయినట్టే’ అని. బెదిరించడానికి కాదు, మీ మనసు అతనికి స్పష్టంగా తెలియడానికి.

ఇక వీడియో పెళ్లి. ఎవరు చెప్పారో గానీ వాళ్లకు అక్కడి చట్టమూ తెలియదు, ఇక్కడి చట్టమూ తెలియదు. మీరు భారత పౌరురాలు, ఉండేది మిర్యాలగూడలో. మీతో పెళ్లైనంత మాత్రాన అక్కడ ఉండే హక్కేదీ అతనికి రాదు. వధూవరులు ఒకరి ఎదుట ఒకరు లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత ఇద్దరూ కలిసి కాపురం చేస్తే తప్ప, అమెరికా ఇమిగ్రేషన్ చట్టం భార్యాభర్తల సంబంధంగా గుర్తించదు. ఇక్కడ చూస్తే, ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. తర్వాత మ్యారేజ్ ఆఫీసర్ ముందు ముగ్గురు సాక్షులతో సంతకాలు పెట్టాలి. హిందూ వివాహ చట్టం కింద అయితే పెళ్లి తంతు జరగకుండా కేవలం సర్టిఫికెట్ తీసుకుంటే అది పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ కాగితం అతన్ని అక్కడ కాపాడదు. ఇక్కడ మాత్రం మీకు పెళ్లైందా లేదా అనే గొడవ మిగులుతుంది.

ఇందులో మీకు ఊరటనిచ్చే సంగతి కూడా ఒకటి ఉంది. మిమ్మల్ని చేసుకుంటే అతనికి వీసా లాభమేమీ లేదు. అందుకని ‘కాగితాల కోసమే నన్ను చేసుకుంటున్నాడేమో’ అనే అనుమానం మీకు అక్కర్లేదు. అతనికి మీరు కావాలనే అనిపిస్తోంది. అయితే భయంలో ఉన్నవాడికి ఎవరు ఏ దారి చూపినా అది మంచి దారిలాగే కనిపిస్తుంది. అతను ఇప్పుడు ఆ స్థితిలో ఉన్నాడు.

అతనికి కావాల్సింది పెళ్లి కాదు, లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్. కన్సల్టెన్సీ వాళ్లు, రూమ్మేట్లు, వాట్సాప్ గ్రూపుల్లోని అన్నలు లాయర్లు కారు. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం తరఫున ఉచితంగా లాయర్‌ను ఇవ్వరు, తానే పెట్టుకోవాలి. డబ్బు లేకపోతే ఉచితంగా వాదించే సంస్థల జాబితా కోర్టు దగ్గరే దొరుకుతుంది. వాయిదాకు మాత్రం తప్పక వెళ్లాలి. భయపడి వెళ్లకపోతే అతను లేకుండానే జడ్జి డిపోర్టేషన్ ఉత్తర్వు ఇచ్చేస్తారు. ఇల్లు మారితే కోర్టుకు కొత్త అడ్రస్ చెప్పాలి. అది చెప్పక వాయిదా నోటీసు అందని వాళ్లూ ఉంటారు.

లాయర్‌ను అతను ముందుగా అడగాల్సింది ‘వాలంటరీ డిపార్చర్’ గురించి. అంటే జడ్జి అనుమతితో, సొంత ఖర్చుతో, ఇచ్చిన గడువులోపు తానే వచ్చేయడం. కేసు మొదట్లోనే అడిగితే 120 రోజుల దాకా, చివర్లో అయితే 60 రోజుల దాకా గడువు ఇవ్వవచ్చు. ఆ గడువులోపు వచ్చేస్తే, రికార్డులో డిపోర్టేషన్ ఉత్తర్వు పడదు. 2025 ఫిబ్రవరిలో 104 మందిని సైనిక విమానంలో అమృత్‌సర్‌కు తెచ్చినప్పుడు, చేతులకు బేడీలు వేశారని చదివి మన దగ్గర ఎన్ని ఇళ్లలో భయపడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. అందరూ అలాగే రారు. ఈ పద్ధతిలో అతను మామూలు ప్రయాణికుడిలా శంషాబాద్‌లో దిగుతాడు. 2019లో మిషిగన్‌లో అధికారులే నడిపిన నకిలీ యూనివర్సిటీ కేసులో దాదాపు 250 మంది విద్యార్థులు అరెస్టయ్యారు. వాళ్లలో మనవాళ్లు చాలామంది. ఎక్కువ మంది ఇలా వాలంటరీ డిపార్చర్ మీదే తిరిగొచ్చారు. అయితే గడువు ఒప్పుకుని రాకుండా ఉండిపోతే జరిమానా పడుతుంది, పదేళ్ల పాటు చాలా రకాల ఉపశమనాలు అడగలేడు.

ఇక్కడ తొమ్మిది నెలలు అని మీరు రాసినది చాలా ముఖ్యం. గడువు దాటి ఏడాది లేదా అంతకంటే ఎక్కువ ఉండి బయటికొచ్చినవాళ్లు పదేళ్ల దాకా మళ్లీ అడుగుపెట్టడానికి వీల్లేదని అక్కడి చట్టం. 180 రోజులు దాటి ఏడాదిలోపు అయితే మూడేళ్లు. కోర్టులో కేసు మొదలయ్యాక వచ్చేవాళ్లకు ఆ మూడేళ్ల నిబంధన వర్తించే తీరు వేరుగా ఉంటుంది. కేసు నడుస్తోంది కదా అని ఆ రోజుల లెక్క ఆగదు. ఎప్పటి నుంచి లెక్క మొదలైంది, ఏడాది ఏ తేదీకి నిండుతుంది అన్నది లాయర్ చేత కాగితం మీద రాయించుకోమనండి. అతని భవిష్యత్తు నిజంగా ఆధారపడింది ఆ తేదీ మీద. పాస్‌పోర్టు గడువు చూసుకోమనండి. అది అయిపోయి ఉంటే హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో ముందే పని మొదలుపెట్టాలి.

డబ్బు విషయంలో నేను కాస్త కఠినంగానే రాస్తాను. మిగిలిన కట్నం ఇవ్వకండి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరమే, అది మీకూ తెలుసు. దాన్ని పక్కన పెట్టి ఆలోచించినా, పెళ్లి కాకముందే ఒక కేసు మీద ఖర్చైపోయిన డబ్బుకు ఎవరు లెక్క చెబుతారు? వాళ్లమ్మ చెడ్డ మనిషి అని నేను అనడం లేదు. కొడుకు పరాయి దేశంలో చిక్కుకుంటే ఏ తల్లైనా దొరికిన చోటల్లా చేయి చాపుతుంది. లాయర్ ఫీజుకు సాయం చేయాలని మీకు మనస్ఫూర్తిగా ఉంటే మీ జీతంలోంచి, తిరిగి రాకపోయినా తట్టుకోగలిగినంత మాత్రమే పంపండి. బ్యాంకులో పని చేస్తున్నారు కాబట్టి మీ పేరు మీద పర్సనల్ లోన్ తీయమని రేపు ఎవరైనా అడగొచ్చు. దానికీ వద్దనే చెప్పండి.

అసలు అప్పు ఎంతో మీరు అడిగారా? ఎంఎస్‌కు బ్యాంకు లోన్ ఎంత, ఎంత కట్టాడు, ఊళ్లో పొలం తాకట్టులో ఉందా, బయట మిత్తికి తెచ్చింది ఎంత? నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతమని మీకు నేను చెప్పక్కర్లేదు. తిరిగొచ్చిన మొదటి ఏడాది కాపురాన్ని నలిపేసేది డిపోర్టేషన్ కాదు, ఈ అప్పు. వీసా పోవడం ఎవరికైనా జరగొచ్చు. ఉద్యోగం పోయింది, పొడిగింపు రాలేదు, అప్పు తీరకుండా ఏ ముఖంతో ఇంటికి వెళ్లాలని ఆగిపోయాడు. నాకు అర్థమవుతుంది, మీకూ అర్థమవుతుంది. కానీ పెళ్లికి ఖాయమైన అమ్మాయికి ఇన్ని నెలలు చెప్పకపోవడం వేరే విషయం. అప్పు సంగతి కూడా అలాగే దాస్తున్నాడా అన్నది ఇప్పుడే తేలాలి. లెక్కలు కాగితాలతో సహా చూపిస్తే ఆ మనిషిని నమ్మొచ్చు. ‘అవన్నీ నీకెందుకు’ అంటే, అమెరికాలో ఉన్నా దేవరకొండలో ఉన్నా ఆ పెళ్లి గురించి మీరు మళ్లీ ఆలోచించాలి.

ఇక మీ నాయినకు ఈ వారంలోనే చెప్పండి. మీరే చెప్పండి, వాళ్ల వైపు నుంచి రానివ్వకండి. సంబంధం ఖాయం చేసింది ఆయన, వాళ్లు అడిగే డబ్బు ఇచ్చేదీ ఆయనే. ఆయన కోప్పడతారు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అయినా బంధువుల ద్వారా తెలిస్తే వచ్చే కోపం దీనికి పదింతలు. చెప్పేటప్పుడు ‘పెళ్లి ఆపొద్దు’ అని మొదలుపెట్టకండి. ‘అతను వచ్చేదాకా ఆగుదాం, డబ్బు ఏమీ ఇవ్వొద్దు’ అని మొదలుపెట్టండి. ఆయన వినడానికి వీలుగా ఉంటుంది. ఇప్పటికే ఇచ్చిన డబ్బు విషయంలో మాట పెరిగితే, నల్గొండ కోర్టులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. అక్కడ మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది.

చెల్లి సంబంధాలు చెడిపోతాయని భయపడి మీరు హడావిడిగా తాళి కట్టించుకోకండి. వీసా గడువు దాటి తిరిగొచ్చినవాడిని దొంగలా చూసేవాళ్లు కొందరుంటారు, నిజమే. కానీ దుబాయ్ నుంచి, కువైట్ నుంచి కాగితాలు లేక తిరిగొచ్చినవాళ్లు మన తెలంగాణ పల్లెల్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ పెళ్లిళ్లు జరుగుతూనే ఉన్నాయి. చెల్లికి వచ్చే సంబంధం వాళ్లు అడిగితే ‘అక్క పెళ్లి అబ్బాయి వచ్చాక’ అని ఉన్నమాట చెప్పడానికి మీ ఇంట్లో ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు.

అతను వచ్చాక కూడా కొన్ని నెలలు ఆగండి. హైదరాబాద్ మీకు మూడు నాలుగు గంటల దూరం, అమెరికాలో చేసిన పని అనుభవం అతని దగ్గర ఉంది, ఉద్యోగం వెతుక్కోనివ్వండి. మొదట్లో జీతం తక్కువే రావచ్చు. ఆ జీతంతో అప్పు కడుతూ, మీతో మామూలుగా, చిరాకు పడకుండా ఉండగలుగుతున్నాడా అన్నది దగ్గరి నుంచి చూడండి. అది చూశాక మీకు ఇష్టమైతే, మీ నాయినను వెంటబెట్టుకుని వెళ్లి ముహూర్తం అడగండి.